అత్తకు రాసిన జవాబు

పదిన్నరకల్లా సభకు వెళ్లాల్సిన జవాబు పంపేయడం, మధ్యాహ్నం నుంచి సగం రోజు సెలవు పెట్టడం, రెండు గంటలకు ముందే మేనత్త ఇంటికి చేరి ఆవిడ కాళ్లో గడ్డమో పట్టుకోవడం. ఆ రోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ గుమస్తా వేసుకున్న పథకం ఇంతే. పథకాలు ఎలా తయారవుతాయో, ఆ తర్వాత ఏమవుతాయో ఇరవై రెండేళ్లుగా దగ్గరుండి చూస్తున్న మనిషి, తన పథకం మాత్రం సాగుతుందని ఏ ధైర్యంతో అనుకున్నాడో మరి.

అతని ఉద్యోగం జవాబులు రాయడం. సభలో సభ్యులు ప్రశ్నలు అడుగుతారు, మంత్రులు లేచి జవాబులు చదువుతారు. ఆ జవాబును ఎవరో ఒకరు, కిటికీ తలుపు సరిగా పడని ఏదో ఒక గదిలో కూర్చుని రాయాలి కదా. విద్యుత్ శాఖలో ఆ ఎవరో ఒకరు ఇతనే. పనిమంతుడు. ధర పెరిగితే 'సవరించబడినది' అని రాసేవాడు. పని జరగకపోతే 'పరిశీలనలో ఉన్నది' అనేవాడు. ఏమీ తెలియకపోతే 'వివరాలు సేకరించబడుచున్నవి'. అతను రాసిన జవాబు విని సభలో ఎవరూ కోప్పడిన దాఖలా లేదు. కోప్పడాలంటే ముందు అర్థం కావాలి. ఆఫీసులో అందరూ అతన్ని ముద్దుగా 'పరిశీలన' అని పిలిచేవారు.

ఇంత ఘనుడికీ మింగుడుపడని ప్రశ్న ఒకటుంది. అది మేనత్త పింఛను.

తల్లి పోయిన మూడేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి పెంచింది మేనత్తే. వీధి వైపు గదిలో బల్ల వేసుకుని నలభై ఇళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ బల్ల కింద కూర్చునే అతను ఎక్కాలు బట్టీపట్టాడు, ఆ ఇస్త్రీ డబ్బులతోనే కాలేజీకి వెళ్లాడు. ఇప్పుడామెకు అరవై ఎనిమిది. ఇప్పటికీ బల్ల అదే, ఇళ్లు అవే. ఇస్త్రీపెట్టె మాత్రం బొగ్గుల నుంచి కరెంటుకు మారింది.

రెండేళ్ల కిందట ప్రభుత్వం పేదల పథకం కింద ఆవిడ పైకప్పు మీద ఒక సోలార్ పలక పెట్టించింది. కరెంటు ఖర్చు బాగా తగ్గింది. ఆవిడ సూర్యుడికీ సర్కారుకీ కలిపి ఒకే దండం పెట్టేది. అయిదు నెలల కిందట ఉన్నట్టుండి వృద్ధాప్య పింఛను ఆగిపోయింది. ఎందుకని పింఛన్ల ఆఫీసు కిటికీ దగ్గర అడిగితే అక్కడివాడు కంప్యూటరులో చూసి, "కరెంటు ఉత్పత్తిదారులకు పింఛను ఇవ్వరమ్మా" అన్నాడు.

"ఎవరు బాబూ ఆ ఉత్పత్తిదారులు?"

"మీరే."

పలక తీయించేసి, తీయించినట్టు కాగితం తెస్తే పింఛను మళ్లీ రావచ్చని ఆ కిటికీవాడే సలహా చెప్పాడు. పలక తీస్తే కరెంటు ధర ఇస్త్రీని మింగేస్తుంది. ఉంచితే పింఛను రాదు. మేనల్లుడు డబ్బిస్తానంటే ఆవిడ పుచ్చుకోదు. "నీ డబ్బు నీ పిల్లలకు పెట్టు. నా పింఛను నాకిప్పించు" అంటుంది. చూసి చూసి, చివరికి ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పలక తీయడానికి మెకానిక్కును రమ్మని చెప్పింది.

గుమస్తా ఆఫీసుకు పోతూ రోజూలాగే ఆవిడ గదిలో టీకి ఆగాడు.

"అత్తా, ఒక్క వారం ఆగు. పలక తీయించకు."

"అయిదు నెలలుగా వారం వారం అంటూనే ఉన్నావు నాయనా."

"నిజంగానే, విషయం పరిశీలనలో..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ పెట్టె తెచ్చి నీ వీపు మీద పెడతాను" అంది ఆవిడ, పెట్టె పైకెత్తి వేడి చూసుకుంటూ. "నోటితో అడిగితే మీవాళ్లకు వినపడదని నువ్వే చెప్పావు కదా. అందుకని కాగితం మీద రాశాను. ఇదిగో."

బట్టల చీటీ వెనక గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 'ప్రశ్న నంబరు 1. (అ) కరెంటు ధర ఎందుకు పెరిగింది? (ఆ) పలక పెట్టుకోవడం నా తప్పా? (ఇ) పింఛను ఎందుకు ఆపారు? (ఈ) నేను పేదదాన్నా, కాదా?'

సభలో ప్రశ్నలు ఎలా ఉంటాయో, నంబర్లేమిటో, భాగాలేమిటో ఎప్పుడో మాటవరసకు అతనే చెప్పాడు. ఆవిడ మరిచిపోలేదు.

"పదకొండున్నరకు మీ ఆఫీసు పక్క వీధిలో బట్టలివ్వడానికి వస్తాను. గేటు దగ్గరికి జవాబు తెచ్చివ్వు. అది చూసుకుని మెకానిక్కును పైకి ఎక్కించాలో వద్దో తేల్చుకుంటాను. నాకు అర్థమయ్యేలా రాయి. అంతే నేను కోరేది."

గుమస్తా టీ సగంలోనే వదిలేసి లేచాడు. 'అర్థమయ్యేలా' అన్న షరతు అతనికి ఇంతవరకు ఎవరూ పెట్టలేదు.

విచిత్రమేమిటంటే, ఆ రోజు సభకు వెళ్లాల్సిన ప్రశ్నా అలాంటిదే. అడిగినావిడ ప్రతిపక్ష సభ్యురాలు, ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పింది. అందరూ టీచరమ్మ అనేవారు. ఆవిడ ప్రశ్న వేస్తే పరీక్ష పేపరులా నాలుగు భాగాలుండేవి. కరెంటు ధరలు, సోలారు, ఆగిన పింఛన్లు, పేదల జాబితా. దానికి జవాబు గుమస్తా కిందటి రోజే రాసేశాడు. నున్నగా, ఎక్కడా చేతికి చిక్కకుండా ఉంది. చివర ఒక కామా పెట్టాలో తీసేయాలో తేలక కుడివైపు ట్రేలో ఉంచాడు. అతని బల్ల మీద రెండు ట్రేలు. కుడివైపుది ఇంకా పని మిగిలిన కాగితాలకు, ఎడమవైపుది పూర్తయినవాటికి. ఎడమవైపు ఏది పడితే దాన్ని టైపిస్టు తీసుకుపోయి టైపు కొట్టేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి.

అత్త జవాబుకు తెల్లకాగితం తీశాడు. '(అ) ధరలు సవరించ' అని రాయగానే వీపు చురుక్కుమన్నట్టయింది. చించేశాడు. ఇంకో కాగితం తీశాడు. 'పరి' దాకా వచ్చి ఆగాడు. అదీ చించేశాడు. మూడోది తీశాడు. ఇస్త్రీ బల్ల కింద నుంచి కనిపించే ఆవిడ పాదాలు, వేసవిలో వాటికింద చెమట మరక గుర్తొచ్చాయి. ఆ తర్వాత కలం ఆగలేదు. అలవాటు లేని పనే గానీ, పావుగంటలో పేజీ నిండింది.

రాసింది ఒకసారి చదువుకున్నాడు. కొట్టివేయాల్సిన మాట ఒక్కటీ కనపడలేదు. అతని సర్వీసులో ఇంత పూర్తయిన జవాబు ఇంకోటి లేదు. అందుకే కాబోలు, చెయ్యి తనంతట తానే దాన్ని తీసుకెళ్లి ఎడమవైపు ట్రేలో పెట్టేసింది. కుడివైపున్న కాగితాన్ని మడిచి కవరులో పెట్టి, పైన 'అత్తకు' అని రాసి జేబులో వేసుకున్నాడు. రెండూ ఒకే ఆఫీసు కాగితం మీద, ఒకే దస్తూరిలో ఉన్నాయి, రెండింటిలోనూ అ, ఆ, ఇ, ఈ అనే భాగాలే. గుండె తేలికపడి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగాడు.

టైపిస్టు ఆ శాఖలో అందరికన్నా వేగంగా టైపు కొట్టేది. దానికి కారణం ఆవిడ ఏదీ చదవదు. చదివితే వేగం పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది అని ఆవిడ సిద్ధాంతం. కాగితం ఎలా ఉంటే అలా కొట్టి, పైన శాఖ ముద్ర వేసి పంపేసింది. కాగితం అక్కణ్ణుంచి కార్యదర్శి దగ్గరికి వెళ్లింది. ఆవిడ కఠినమైన మనిషి, తనిఖీ చేయకుండా సంతకం పెట్టదు. ప్రశ్నలో నాలుగు భాగాలున్నాయి, జవాబులోనూ నాలుగు ఉన్నాయి. తనిఖీ అయిపోయింది, సంతకం పడింది. పదిన్నరకు కాగితం మంత్రిగారి ఫైల్లో ఉంది.

ఇక మంత్రిగారి సంగతి. ఆయన నిజాయితీగల మనిషే గానీ, చేతికిచ్చినదాన్ని ముందు చూసుకునే అలవాటు లేదు. ఇచ్చింది ఇచ్చినట్టు, గట్టి గొంతుతో, ఒక్క అక్షరం వదలకుండా చదివేవారు. ఒకసారి 'వెనక పేజీ చూడుము' అని కూడా సభకు విన్నవించారు.

పదకొండున్నరకు గేటు దగ్గర అత్త, చంకలో ఖాళీ సంచితో నిలబడి ఉంది. గుమస్తా కవరు అందించి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అక్కడే విప్పి పైకి చదివింది.

"'(అ) విద్యుత్ ధరలు పెరిగినవన్న మాట వాస్తవం కాదు. అవి హేతుబద్ధీకరించబడినవి.' అంటే ఏం చేశారురా వాటిని?"

గుమస్తా కాగితం వైపు వంగి చూశాడు.

"'(ఆ) విషయం పరిశీలనలో ఉన్నది. (ఇ) పై (ఆ) దృష్ట్యా ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.' నా పింఛను సంగతి అసలు పుట్టనే లేదంటావా?" ఆవిడ గొంతు తగ్గింది. "'(ఈ) వివరాలు సేకరించబడుచున్నవి.' నేను పేదదాన్నో కాదో నీకు తెలియడానికి వివరాలు కావాలా నాయనా? ఆ ఇంట్లోనే కదా పెరిగావు."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. కానీ అంతకన్నా ముందు తలలో ఇంకో లెక్క తేలింది. ఈ కాగితం ఇక్కడుంటే, ఆ కాగితం ఎక్కడున్నట్టు?

"అత్తా, అది నీది కాదు" అని మాత్రం అనగలిగాడు. అనేలోపే కాళ్లు పరుగు మొదలుపెట్టాయి. మేనత్తకు వినపడ్డది సగం. కనపడ్డది మాత్రం పూర్తిగా, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక పారిపోతున్న మేనల్లుడు. కాగితం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని, ఆవిడ ఇంటిదారి పట్టింది. మెకానిక్కు వచ్చే వేళకు నిచ్చెన తెచ్చిపెట్టాలి.

గుమస్తా సభ మెట్లెక్కి అధికారుల గ్యాలరీలో పడేసరికి మంత్రిగారు అప్పటికే లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. కాగితం కళ్లకు దూరంగా పట్టుకున్నారు.

"అత్తా" అని మొదలుపెట్టారు.

సభలో గుసగుసలు ఆగిపోయాయి. మంత్రిగారు ఆగలేదు. ఆగడం ఆయన అలవాట్లలో లేదు.

"అత్తా, (అ) కరెంటు ధర పెరిగిన మాట నిజమే. నీ ఇస్త్రీపెట్టెది తప్పు కాదు, మేమే పెంచాం. పెంచిన ప్రతిసారీ సవరించాం అని రాశాం. (ఆ) పలక పెట్టుకోవడం నీ తప్పు కాదు. మేమే తెచ్చి పెట్టాం. నువ్వు వాడగా మిగిలిన కాస్త కరెంటు వీధి తీగలోకి పోతుంటే, ఉత్పత్తిదారుల జాబితాలో నీ పేరెక్కించాం. ఆ జాబితాలో నీ పైన ఒక ఆనకట్ట ఉంది, నీ కింద ఒక బొగ్గు కంపెనీ ఉంది."

కార్యదర్శి తలెత్తి గ్యాలరీ వైపు చూసింది. గుమస్తా స్తంభం వెనక్కి జరిగాడు. ఆ స్తంభం అతనికి సరిపడా లావు లేదు.

"(ఇ) ఉత్పత్తిదారులకు పింఛను ఉండదని ఇంకో శాఖ ఆపేసింది. ఆ శాఖ మమ్మల్ని అడగలేదు, మేం వాళ్లకు చెప్పలేదు. మధ్యలో ఒక గోడ ఉంది. నేను ఆ గోడ పక్కనే కూర్చుంటాను. ఎన్నోసార్లు లేచి వెళ్దామనుకున్నాను. వెళ్లలేదు. (ఈ) నువ్వు పేదదానివా కాదా అని అడిగావు. పేదదానివే అత్తా. ఇన్నేళ్లు ఇంత కష్టం చేసి కూడా పేదగానే ఉన్నావు. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, మేము. పలక తీయించకు. వారంలోగా నీ పేరు ఆ జాబితాలోంచి తీయిస్తాను. పలక మీద దుమ్ము నేనే వచ్చి తుడుస్తాను. నా మీద ఒట్టు."

మంత్రిగారు కాగితం తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. కూర్చున్నారు. కూర్చున్నాక గానీ తాను చదివింది ఏమిటో ఆయనకు ఎక్కలేదు.

టీచరమ్మ లేచింది. సభను స్తంభింపజేయడానికి ఆవిడ ఏడు అనుబంధ ప్రశ్నలు, ఒక నినాదం సిద్ధం చేసుకుని వచ్చింది. ఆ కాగితాలన్నీ మడిచేసింది.

"అధ్యక్షా, ఇరవై ఏళ్లు పిల్లల జవాబులు దిద్దాను, పన్నెండేళ్లుగా మంత్రుల జవాబులు వింటున్నాను. పూర్తి మార్కులు వేయాల్సింది ఇదే మొదటిసారి. నాకు అనుబంధ ప్రశ్నలు లేవు. మంత్రిగారు నన్ను అంత ఆప్యాయంగా పిలుస్తారని మాత్రం అనుకోలేదు. మా ఇంటి మీద పలక లేదు గానీ, తుడవడానికి కిటికీలున్నాయి, రమ్మనండి."

సభాపతి నవ్వు ఆపుకుని, హామీల పుస్తకం తెప్పించారు. సభలో మంత్రి నోట వచ్చిన మాట ఏదైనా హామీయే, ఆ పుస్తకంలో ఎక్కాల్సిందే, నెరవేరే దాకా కొట్టివేయడానికి వీల్లేదు. గుమస్తాలందరూ అంత జాగ్రత్తగా ఏమీ చెప్పకుండా రాయడం నేర్చుకున్నది ఆ పుస్తకానికి భయపడే. "జాబితా నుంచి పేరు తొలగింపు, గడువు వారం. దుమ్ము తుడుపు, మంత్రిగారు స్వయంగా" అని రాయించారు.

ఒంటిగంటకు సభ భోజనానికి లేవగానే గుమస్తా మంత్రిగారి గదిలో నిలబడి ఉన్నాడు. కార్యదర్శి ఒక పక్క, టైపిస్టు ఇంకో పక్క. టైపిస్టు తను టైపు కొట్టిన కాగితాన్ని మొదటిసారి చదువుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, రక్తపోటు సంగతి మరిచిపోయింది.

"అత్త ఎవరు?" అన్నారు మంత్రిగారు.

"మా మేనత్తండి. తప్పు నాదే. ఉద్యోగం తీసేసినా..."

"ఉద్యోగం సంగతి తర్వాత. ఒట్టు ఎవరు వేశారు?"

"నేనేనండి. రాసింది నేను."

"రాసింది నువ్వు. పలికింది నేను. 'నా మీద ఒట్టు' అని నిండు సభలో, నా గొంతుతో పలికాను." ఆయన నుదురు తుడుచుకున్నారు. "ఇప్పుడే మా ఆవిడ ఫోను చేసింది. టీవీలో చూసిందట. ఒట్టు తీర్చుకునే దాకా ఇంటికి రావద్దంది. తప్పితే ఎవరికి తగులుతుందయ్యా ఇది, నీకా, నాకా?"

ఈ ప్రశ్నకు నిబంధనల్లో ఎక్కడా జవాబు లేదు. కార్యదర్శి గొంతు సవరించుకుంది.

"ఒక్క అత్త పేరు తీయడం కుదరదు సార్. ఇలా జాబితాలో పడ్డ ముసలివాళ్లు ఎంతమంది ఉన్నారో ఇప్పుడే లెక్క తీయించాను. పదకొండు వేల పైచిలుకు."

"పదకొండు వేలమంది అత్తలా?"

"మామలు కూడా ఉన్నారు సార్."

"అందరివీ తీసేయండి. ఒట్టు ముందు ఒకటైనా పదకొండు వేలైనా ఒకటే. ఆ పింఛన్ల అధికారిని పిలవండి."

పిలవాల్సిన పని లేకపోయింది. గుమస్తా గది గోడకు అవతలి వైపే ఆ అధికారి గది. ఆరేళ్లుగా రెండు శాఖలూ వేరే సంగతుల మీద ఒకదానికొకటి టపాలో ఉత్తరాలు రాసుకుంటున్నాయి, అవి పెద్ద పోస్టాఫీసు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవి. గుమస్తా వెళ్లి తలుపు తట్టాడు. అవతల ఒక బక్కపలచటి మనిషి, అతనిలాంటి రెండు ట్రేల వెనక కూర్చుని ఉన్నాడు.

"మీ ఉత్తరాలు అందాయండి" అన్నాడు ఆ అధికారి, నేరం చేసినవాడిలా. "పరిశీలనలో ఉన్నాయి."

ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. ఒకరి జాబితా పక్కన ఇంకొకరి జాబితా పెట్టుకున్నారు. 'పేదల పథకం కింద పలక పొందినవారు ఉత్పత్తిదారులు కారు' అని ఒక్క వాక్యం రాశారు. కార్యదర్శి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి సంతకం పెట్టింది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. గుమస్తాకు ఆనందం కలగాలి, కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది. ఇరవై నిమిషాల పని. అయిదు నెలలు ఆవిడ ఎదుట కూర్చుని టీ తాగాడు.

అప్పుడు గడియారం చూశాడు. పావు తక్కువ రెండు.

మేనత్తకు ఫోను చేశాడు. మోగలేదు. మోగదు కూడా. ఆ గదిలో ఉన్నది ఒకే ప్లగ్గు. ఇస్త్రీపెట్టె పెడితే ఫోను చచ్చిపోతుంది, ఫోను పెడితే ఇస్త్రీ ఆగిపోతుంది. ఆవిడ ఏది ఎంచుకుంటుందో అందరికీ తెలుసు.

"సార్, రెండింటికి మా అత్త పలక తీయించేస్తోంది" అన్నాడు.

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "తీయించేస్తే నేను దేన్ని తుడవాలయ్యా?"

వీధిలోకి మంత్రిగారి కారు, వెనక కార్యదర్శి కారు, దాని వెనక ఎలాగో సంగతి తెలుసుకున్న విలేఖరుల వ్యాను వరసగా వచ్చి, ఇస్త్రీ గది ముందు ఆగాయి. పైకప్పు మీద మెకానిక్కు నాలుగు బోల్టుల్లో మూడు విప్పేసి, నాలుగోదానితో కుస్తీ పడుతున్నాడు.

"బాబూ, ఆపు" అని మంత్రిగారు కిందనుంచి అరిచారు.

"ఇది ఒక్కటే ఉంది సార్, అయిపోవచ్చింది" అన్నాడు మెకానిక్కు, తొందరపెడుతున్నారనుకుని ఇంకా గట్టిగా తిప్పుతూ.

మంత్రిగారు చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కారు. కింద గుమస్తా ఒక వైపు, పింఛన్ల అధికారి ఇంకో వైపు నిచ్చెన పట్టుకున్నారు. రెండు శాఖలు కలిసి చేసిన రెండో పని అది. మంత్రిగారు పైకి చేరి, మెకానిక్కు చేతిలోంచి పానా లాక్కుని, జేబులోంచి చేతిరుమాలు తీసి పలకను ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచారు. రుమాలు నల్లబడింది. తర్వాత జేబులోంచి ఇంకోటి తీశారు, అది ఎవరో ఇచ్చిన వినతిపత్రం. మళ్లీ లోపల పెట్టేసుకున్నారు.

చప్పుడుకు మేనత్త బయటికి వచ్చింది. ఆవిడ చేతిలో పొద్దున్నటి కాగితం ఉంది. పైకప్పు మీద మంత్రి, కింద అధికారులు, వీధి నిండా జనం. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది.

"వివరాలు సేకరించడానికి మీరే వచ్చారా బాబూ?" అంది.

మంత్రిగారు పైనుంచి కిందికి వంగారు. "అవునమ్మా" అన్నారు.

"అయితే రాసుకోండి. వయసు అరవై ఎనిమిది. ఇల్లు ఇది. పని ఇది. రోజూ పొద్దున్న అయిదుకు మొదలుపెడతాను. మోకాలు ఎడమది నొప్పి, కుడిది ఇంకా ఫర్వాలేదు. పింఛను వస్తే సాయంత్రం రెండు గంటలు తక్కువ నిలబడతాను. అంతకు మించి నాకు ఆశలేం లేవు."

కార్యదర్శి నిజంగానే రాసుకుంది, ఒక్క ముక్క వదలకుండా. తర్వాత ఆదేశం కాపీ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఉత్పత్తిదారుల జాబితాలోంచి పేరు పోయింది, ఆగిన పింఛను మొత్తం ఒకటో తారీఖున వస్తుంది, పలక ఉంటుంది. మేనత్త రెండుసార్లు చదువుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. మేనల్లుణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అతని తల మీద చెయ్యి వేసింది.

"పొద్దున్న నిన్ను అనవసరంగా అన్నాను నాయనా. 'వివరాలు సేకరించబడుచున్నవి' అని రాశావు, అన్నట్టే వచ్చారు. మీ భాష నాకు అర్థం కాదు గానీ, మాట మీద నిలబడతారు."

గుమస్తా నోరు తెరవబోయాడు. కార్యదర్శి అతన్ని పక్కకు పిలిచింది. "ఆ జవాబు మంత్రిగారు స్వయంగా రాసుకున్నారు. మీరు శుభ్రప్రతి తీశారు. ఫైల్లో అలాగే ఉంటుంది. నేను చదవకుండా సంతకం పెట్టాననీ, మీరు ఇంటి ఉత్తరం సభకు పంపారనీ ఎవరికీ తెలియనక్కర్లేదు. సరేనా?" అంది. అతను సరేనన్నాడు. అత్తకు మాత్రం చెబుదామనుకున్నాడు. ఆవిడకు చెప్తే నలభై ఇళ్లకు బట్టలతో పాటు చేరుతుందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

నాలుగో బోల్టుతో మొదలుపెట్టి మెకానిక్కు అన్నీ మళ్లీ బిగించాడు. మంత్రిగారు భార్యకు ఫోను చేసి, ఇంటికి రావచ్చా అని అడిగారు. రావచ్చంది.

ఒకటో తారీఖున పదకొండు వేల ఇళ్లకు పింఛను అందింది. కిటికీ దగ్గర వరస చాలా పొడుగ్గా ఉందట, కానీ ఎవరూ విసుక్కోలేదట. ఆ వరసలో చాలామంది దగ్గర ఒక పేపరు ముక్క ఉంది. సభలో మంత్రిగారు చదివిన జవాబు, ఆయన ఫోటోతో సహా, అక్షరం పొల్లుపోకుండా అచ్చయింది. ముందు నిలబడ్డావిడ మేనత్తకు ఒకటి ఇచ్చింది.

సాయంత్రం గుమస్తా వచ్చేసరికి ఆవిడ దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది చదివావా? 'ఇంత కష్టం చేసి కూడా పేదగానే ఉన్నావు, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, మేము' అన్నాడు. నన్ను చూసి రాసినట్టే ఉంది. ఇస్త్రీపెట్టె సంగతి కూడా రాశాడు. నువ్వే చెప్పి ఉంటావు, ఆ మాత్రం పని చేశావు."

"అవునత్తా" అన్నాడు గుమస్తా.

"ఎంత చదువుకున్నవాడో, ఎంత చక్కగా అర్థమయ్యేలా రాశాడో చూడు. సొంత మేనల్లుడు రాసినట్టుంది. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చున్నావు, అందులో ఒక్క వాక్యమైనా నేర్చుకోలేకపోయావు."

"నేర్చుకుంటానత్తా."

మర్నాడు పొద్దున్న ఆవిడ ఆ పేపరు ముక్కను ముడతలు పోయేలా ఇస్త్రీ చేసి అతనికిచ్చింది, ఆఫీసులో ఎదురుగా పెట్టుకుని చూసి రాయమని.